ఊరికే తిరిగితే తప్పా?

"ఎంగ ఇరుక్కీంగ మ్యాడం?"

ఫోన్లో కారు డ్రైవరు మూడోసారి అడిగాడు. 'ఎక్కడున్నారు?' అంటున్నాడని అర్థమైంది. ఎక్కడున్నానో చెప్పడమే నాకు చేతకాలేదు. మా వీధి పేరు చెబితే అలాంటి వీధులు నాలుగున్నాయన్నాడు కాబోలు. పక్కన ఏముందో చెప్పమన్నాడు కాబోలు. నేను ఏదో అన్నాను, అతను ఏదో అన్నాడు, ఫోను పెట్టేశాడు. అంతకు ముందు పిలిచిన కారు అసలు రానే లేదు.

అది 2023 ఫిబ్రవరి. అప్పటికి మేము తెనాలి నుంచి చెన్నై వచ్చి ఎనిమిది నెలలైంది. క్రోంపేటలో కాపురం. ఆ రోజు మధ్యాహ్నం మా అబ్బాయి స్కూలు నుంచి ఫోను వచ్చింది, ఆటలో పడ్డాడు, చెయ్యి వాచింది, వచ్చి తీసుకెళ్ళండి అని. మావారు ఊరికి అటు చివర అంబత్తూరులో ఆఫీసులో ఉన్నారు. స్కూలు నంగనల్లూరులో. అది తూర్పునో పడమరనో కూడా నాకు తెలీదు. పిల్లలు పొద్దున్నే స్కూలు బస్సెక్కుతారు, సాయంత్రం దిగుతారు, అంతే. చివరికి కింది వాటా ఆవిడ నా మొహం చూసి, ఆటో పిలిచి, తనే తోడొచ్చింది. మేం వెళ్ళేసరికి గంటన్నర దాటింది. పిల్లాడు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆఫీసు గది ముందు బెంచీ మీద కూర్చున్నాడు. ఏడవలేదు. "ఎందుకమ్మా ఇంతసేపు?" అన్నాడు.

ఎందుకో తర్వాత తెలిసింది. మా ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే క్రోంపేట రైల్వే స్టేషను. అక్కడ లోకల్ ఎక్కితే నాలుగో స్టేషను పళవంతాంగల్. దిగితే నంగనల్లూరు. టిక్కెట్టు ఐదు రూపాయలు!

నేను డిగ్రీ చదివాను. కథలు రాస్తాను. నా కథల్లో ఆడవాళ్ళను రైళ్ళెక్కించాను, ఇళ్ళు వదిలించాను, ఎక్కడెక్కడికో పంపించాను. నేను మాత్రం నాలుగు స్టేషన్ల అవతల ఉన్న కన్నబిడ్డ దగ్గరికి వెళ్ళలేకపోయాను.

అలాగని ఎనిమిది నెలలూ ఇంట్లోనే ఉన్నానా అంటే, లేదు. ఆదివారం వస్తే మావారు బండి తీసేవారు. మెరీనా బీచి చూశాను. కపాలీశ్వరుడి గుడి చూశాను. టి.నగర్‌లో చీరలు కొన్నాను. కానీ ఏ దారిన వెళ్ళామో, ఏ దారిన వచ్చామో అడిగితే చెప్పలేను. నిజం చెప్పాలంటే ఆ ఎనిమిది నెలలూ నేను చూసింది ఆయన వీపు, ఊరు కాదు. ఈ మాట చదివి నవ్వుకునే అక్కచెల్లెళ్ళు చాలామందే ఉంటారని నాకు తెలుసు.

అబ్బాయి చేతికి కట్టు విప్పిన వారం నుంచీ నేను బయల్దేరాను. పిల్లలు వెళ్ళాక వంటిల్లు సర్దుకునేసరికి పదిన్నర. మళ్ళీ వాళ్ళొచ్చేది నాలుగింటికి. మూడున్నరకల్లా ఇంట్లో ఉండాలి. మధ్యలో ఐదు గంటలు నావి. మొదటి రోజు పళవంతాంగల్ దాకా వెళ్ళి, స్కూలు గేటు చూసి, వెనక్కి వచ్చాను. అంతే. ఇంటికొచ్చాక కాళ్ళు వణికాయి. కానీ ఆ రాత్రి ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి నిశ్చింతగా పడుకున్నాను.

ఇక్కడ ఒక సిగ్గుపడాల్సిన సంగతి చెప్పాలి. వెళ్ళిన ప్రతిసారీ చేతిలో కూరల సంచి పట్టుకెళ్ళేదాన్ని. ఎవరడిగారని? ఎవరూ అడగలేదు. అయినా తిరిగొచ్చేటప్పుడు స్టేషను దగ్గర అరకిలో వంకాయలో, కట్ట తోటకూరో సంచిలో వేసుకుంటే తప్ప మెట్లెక్కడానికి ధైర్యం చాలేది కాదు. సంచి నిండితే పని మీద వెళ్ళినట్టు. ఖాళీగా వస్తే తిరగడానికి వెళ్ళినట్టు. ఆ వేసవిలో మా ఇంట్లో వంకాయ కూర తిని తిని పిల్లలు గోల పెట్టారు.

మగవాళ్ళకు ఈ సంచి అక్కర్లేదు. "సెంటర్ దాకా వెళ్ళొస్తా" అని చెప్పులేసుకుంటే అదే పూర్తి సమాధానం. సెంటర్లో ఏం పని అని ఏ ఇల్లాలూ అడగదు. టీ తాగుతాడు, నలుగురితో మాట్లాడతాడు, వస్తాడు. అదే ఇల్లాలు "అలా బస్సులో వెళ్ళొస్తా" అంటే? నేను ఫోన్లో మా అత్తగారితో అన్నాను. ఆవిడ చెడ్డ మనిషి కాదు, నన్ను కూతురిలాగే చూస్తుంది. అయినా వెంటనే అడిగింది, "ఏం పనుందని?"

పని లేదు. ఊరు చూడాలి. అదే పని అని చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

చెన్నై లాంటి నగరం మొత్తంగా అర్థం కాదు. ఒక్కో దారీ పట్టుకోవాలి. నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే. ఒక బస్సు నంబరు ఎంచుకుని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కూర్చోవడం. మళ్ళీ అదే నంబరులో వెనక్కి రావడం. బెసెంట్‌నగర్ సముద్రం దగ్గర్నుంచి పెరంబూరు దాకా 29సి అనే బస్సుంది. దక్షిణాన ఎక్కితే ఉత్తరాన దింపుతుంది. కిటికీ పక్కన కూర్చుంటే చాలు, పూల దుకాణాలూ, కాలేజీలూ, ఆస్పత్రులూ, పాత ఇళ్ళూ, కొత్త మేడలూ అన్నీ వరసగా వచ్చి పలకరిస్తాయి. కారులో కూర్చున్నవాళ్ళకు ఊరి చివరలు తెలుస్తాయేమో గానీ మధ్యలో ఉన్న ఊరు తెలీదు.

బస్సులో మన అలవాట్లు అక్కడ పనికి రావు. మన దగ్గర ఆడవాళ్ళ సీట్లు ముందుంటాయి కదా, నేను తిన్నగా ముందుకు వెళ్ళి కుడివైపు కూర్చున్నాను. చుట్టూ చూస్తే అందరూ మగవాళ్ళే! చెన్నైలో ఆడవాళ్ళకు ఎడమవైపు సీట్లు. కండక్టరు మనలాగా జనంలో తోసుకుంటూ రాడు. చాలాసార్లు వెనక తన సీట్లోనే కూర్చుంటాడు. మనం ఇచ్చిన డబ్బు చేతులు మారుతూ అతని దగ్గరికి వెళుతుంది, టిక్కెట్టూ చిల్లరా అలాగే చేతులు మారుతూ మన దగ్గరికి వస్తాయి. మొదటిసారి ఇరవై రూపాయల నోటు ఎవరో తెలియని మనిషి చేతిలో పెట్టి, ఇక అది పోయినట్టే అనుకున్నాను. ఐదుగురు దాటి చిల్లర పైసలతో సహా వచ్చింది. కొత్త ఊరి మీద నాకు నమ్మకం కలిగింది అక్కడే. ఏ ఉపన్యాసమూ ఆ పని చేయలేదు.

అరవం అక్షరాలు కూడా బస్సు బోర్డుల మీదే నేర్చుకున్నాను. వాళ్ళకు క, గ లకు ఒకటే అక్షరం. ప, బ లకూ ఒకటే. తాంపరం అని రాసి తాంబరం అని చదువుతారు. నేను కిండి అని చదివి, అదెక్కడుందా అని వెతికితే అది మా దారిలో రోజూ వచ్చే గిండీయే! "పోగుమా?" అనే ఒక్క మాట నేర్చుకుంటే సగం ఊరు తిరగొచ్చు. ఊరి పేరు ముందు పెట్టి పోగుమా అంటే చాలు, పోతుందో పోదో చుట్టూ ఉన్న నలుగురూ చెబుతారు.

తప్పులు చేయలేదా? బోలెడు. ఎదురు దిక్కుకు వెళ్ళే బస్సెక్కి అరగంట తర్వాత గానీ తెలుసుకోలేదు. ఎగ్మూరు మ్యూజియం చూడాలని ఎంతో ముచ్చటపడి వెళితే గేటు మూసి ఉంది. శుక్రవారం దానికి సెలవు. ఎండలో ఆ గేటు ముందు నిలబడి నన్ను నేనే తిట్టుకున్నాను. మళ్ళీ బుధవారం వెళ్ళాను. వెళ్ళకపోతే ఎంత పోగొట్టుకునేదాన్నో! అమరావతి స్తూపం శిల్పాలు అక్కడ ఉన్నాయి. మన కృష్ణ ఒడ్డున చెక్కిన సున్నపురాతి ఫలకాలు, పద్మాలు, ఏనుగులు, చేతులు జోడించిన ఆడవాళ్ళు. తెనాలిలో పుట్టి పెరిగిన నేను అమరావతి వెళ్ళింది పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి, అదీ అమరేశ్వరుడి గుడికి. మా ఉమ్మడి జిల్లా రాళ్ళు చూడ్డానికి నేను అరవ దేశంలో లోకల్ రైలెక్కాల్సి వచ్చింది. వాటి ముందు గంటసేపు కూర్చున్నాను. ఎవరూ "ఇక పదండి, పార్కింగు టైము అయిపోతోంది" అనలేదు.

ఆ ఆవరణ పక్కనే కన్నెమరా గ్రంథాలయం. 1896లో తెరిచారు. దేశంలో అచ్చయ్యే పుస్తకాలన్నీ ఒక్కో ప్రతి చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. ఎనిమిది నెలలు నేను చెన్నైలో తెలుగు పుస్తకాలు దొరకవని మావారి దగ్గర సణిగాను!

ఇంకోసారి పార్క్ టౌన్ నుంచి వేళచ్చేరి వెళ్ళే రైలెక్కాను. అది వంతెనల మీద నడిచే రైలు. మేడల పైకప్పుల పక్కనుంచి వెళుతుంది. కింద చూస్తే నల్లటి నీళ్ళతో ఒక కాలువ, చాలా దూరం రైలు వెంటే వస్తోంది. మురుగు కాలువ అనుకున్నాను. పక్కన కూర్చున్న పెద్దావిడ చెప్పింది, అది బకింగ్‌హాం కాలువట. నాకు ఒళ్ళు ఝల్లుమంది. తెనాలి అంటేనే కాలువల ఊరు. దుగ్గిరాల దగ్గర మొదలయ్యే కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర ఈ బకింగ్‌హాం కాలువలోనే కలుస్తుంది. ఒకప్పుడు మా డెల్టా నుంచి సరుకుల పడవలు ఈ నీళ్ళ మీదే మద్రాసు వచ్చేవి. పరాయి ఊరని నేను భయపడిన ఊరికీ, మా ఇంటికీ మధ్య ఒక నీటి దారి ఉండేదన్నమాట. ఆ దారికి ఇప్పుడు పట్టిన గతి చూసి బాధ కలిగింది. అయినా ఆ రోజు తర్వాత చెన్నై నాకు పరాయి ఊరనిపించలేదు.

ఒక శనివారం పిల్లలిద్దరినీ మావారికి అప్పజెప్పి, పొద్దున్నే పార్కు స్టేషన్లో దిగి, రోడ్డు దాటి, సెంట్రల్ పక్కన లోకల్ రైళ్ళ స్టేషన్లో సూళ్ళూరుపేట రైలెక్కాను. రెండు గంటలకు పైగా ప్రయాణం. గుమ్మిడిపూండి దాటాక ఆరంబాకం, ఆ తర్వాత తడ. బోర్డు మీద తెలుగు అక్షరాలు! లోకల్ టిక్కెట్టుతో రాష్ట్రం దాటాను. ఎదుటి సీట్లో పూల బుట్టల ఆవిడ "ఒంటిగానే వస్తా ఉండావా అమ్మా?" అని తెలుగులో అడిగింది. అవునన్నాను. "ఏం పని మీద?" అంది. మళ్ళీ అదే ప్రశ్న! ఈసారి నా చేతిలో సంచి లేదు. "పనేం లేదు, ఊరికే" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మంచిదే, నాకూ ఒక దినం అట్టా పోవాలనుంది. బుట్ట లేకండా" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఆవిడ నెలలో పాతిక రోజులు రైల్లోనే ఉంటుంది. నాకన్నా వంద రెట్లు దారులు తెలుసు. కానీ ఒక్క రోజు కూడా బుట్ట లేకుండా ఎక్కలేదు. పొద్దున ఐదింటికే పాచిపనికి బయల్దేరే ఆడవాళ్ళు, దుకాణాల్లో పగలంతా నిలబడే అమ్మాయిలు, వీళ్ళకు బస్సు షికారు కాదు, బతుకు. నాకున్న ఐదు గంటలు వాళ్ళకు లేవు. కాబట్టి నా తిరుగుళ్ళను గొప్ప సాహసంగా చెప్పుకోను. కానీ నా కూరల సంచీ, ఆవిడ పూల బుట్టా ఒకటే సంగతి చెబుతున్నాయి. ఆడది బయటికి వస్తే చేతిలో పని కనపడాలి.

ఇప్పుడు ఈ మాట ఎందుకు ఎత్తానంటే, ఆడవాళ్ళ ఉచిత బస్సు ప్రయాణం గురించి నాకు వినపడుతున్న మాటలు అలాంటివి. తమిళనాడులో సాధారణ సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేకుండా చేసింది 2021 మేలో. కర్ణాటకలో 2023 జూన్‌లో, తెలంగాణలో 2023 డిసెంబరులో వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. ఖర్చు ఎవరు భరించాలి, బస్సులు ఎన్ని పెంచాలి, ఆటోవాళ్ళ గతేమిటి అని అడిగితే అవి న్యాయమైన ప్రశ్నలే. ప్రభుత్వాలు జవాబు చెప్పాలి. కానీ పెళ్ళిళ్ళలో, టీ కొట్ల దగ్గర, మా బంధువుల ఫోన్లలో నేను వింటున్నది వేరు. "పనీ పాటా లేకుండా ఊరికే తిరుగుతున్నారండీ!"

ఊరికే ఎక్కించుకుంటే ఊరికే తిరుగుతున్నారట. సరే, తిరిగితే తప్పేమిటి? టిక్కెట్టు కొనుక్కుని పని లేకుండా తిరిగే మగవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. డబ్బు మిగలడం ఒక లాభమే, కాదనను. పాచిపని చేసుకునే మనిషికి రోజూ మిగిలే ఆ రూపాయలు చిన్నవి కావు. కానీ ఇంకో లాభం ఉంది, అది లెక్కల్లోకి రాదు. టిక్కెట్టు డబ్బులు అడగక్కర్లేదు కాబట్టి, ఎందుకు వెళుతున్నావో కూడా ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంట్లో పైస పైసకూ లెక్క చెప్పే ఆడవాళ్ళకు ఈ తేడా ఎంతో నేను వేరే చెప్పాలా?

"ఫోను నొక్కితే కారు గుమ్మంలోకి వస్తోంది కదా, బస్సులెందుకు?" అంటుంది మా చెల్లెలు. వస్తుంది, నిజమే. పార్సిలును తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళి దింపుతుంది. దారి ఆ ఫోనుకు తెలుసు, డ్రైవరుకు తెలుసు, మనకు తెలీదు. ఫోన్లో చార్జింగు అయిపోయిన రోజున, డ్రైవరు 'ఎంగ ఇరుక్కీంగ' అన్న రోజున మనం నడిరోడ్డు మీద నిలబడతాం. నేను నిలబడ్డాను కాబట్టి చెబుతున్నాను.

అంతా బాగుందని కూడా అనను. పగలు నిర్మానుష్యంగా ఉండే స్టేషన్లున్నాయి, అక్కడ మెట్లెక్కాలంటే గుండె దడదడలాడుతుంది. ఎత్తైన బస్సు మెట్లు మోకాళ్ళ నొప్పులవాళ్ళకు శిక్ష. నీడ లేని స్టాపులు, వెలుగు లేని స్టాపులు. మరుగుదొడ్డి ఎక్కడుందో తెలీక పొద్దుటి నుంచీ మంచినీళ్ళు తాగకుండా తిరిగిన రోజులు నాకెన్నో. రద్దీలో చేతులు అదుపులో పెట్టుకోని మగవాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉన్నారు. ఒకసారి నేను గట్టిగా అరిచాను, తెలుగులోనే. భాష తెలియకపోయినా ఎడమవైపు సీట్లన్నీ లేచి నా వైపు నిలబడ్డాయి. ఆడవాళ్ళను ఉచితంగా ఎక్కించుకోవడంతో ప్రభుత్వం పని అయిపోలేదు. మరుగుదొడ్డి, దీపం, నీడ, సమయానికి వచ్చే బస్సు కూడా ఇవ్వాలి. అవి అడగాలన్నా ముందు మనం ఆ స్టాపులో నిలబడి ఉండాలి కదా! ఇంట్లో కూర్చున్నవాళ్ళకు స్టాపులో దీపం లేదని ఎలా తెలుస్తుంది?

అందుకే ఉద్యోగాల బదిలీలతో, పిల్లల చదువులతో కొత్త ఊళ్ళకు వెళుతున్న ఇల్లాళ్ళకు నాదొక మనవి. పాలవాడు, గ్యాసు, స్కూలు చూసుకున్న వారంలోనే బస్సు స్టాపు కూడా చూసుకోండి. మొదట పిల్లల స్కూలు దాకా, తర్వాత ఆస్పత్రి దాకా, ఆ తర్వాత ఏ పనీ లేని చోటికి ఒక్కసారి వెళ్ళి రండి. తోడు దొరికితే మంచిదే, దొరకలేదని మాత్రం ఆగకండి. మగవాళ్ళకూ ఒక మనవి. ఆదివారం బండి మీద తిప్పుతున్నందుకు సంతోషమే. ఒక శనివారం పిల్లల్ని మీరు చూసుకుంటే ఇంకా సంతోషిస్తాం.

మొన్న మా అత్తగారు తెనాలి నుంచి ఫోను చేసింది. మాటల మధ్యలో పక్కింటి పిన్నిగారితో కలిసి గుంటూరు వెళ్ళొచ్చానంది. డాక్టరు దగ్గరికేమోనని కంగారుపడి అడిగాను.

"డాక్టరా? అబ్బే, పల్లెవెలుగులో వెళ్ళాం. బస్టాండులో టీ తాగాం, కాసేపు కూర్చున్నాం, వచ్చేశాం" అంది.

"ఏం పనుందని అత్తయ్యా?" అన్నాను నవ్వాపుకుంటూ.

"పనేముందే, ఊరికే" అంది ఆవిడ.

డెబ్బై ఏళ్ళ వయసులో ఆవిడ ఆ మాట అనడం నేను వినడం అదే మొదటిసారి.